మా రోజుల్ల కంప్యూటర్ అడిగేది

ఇంట్ల కంప్యూటర్‌కు ఫైర్‌వాల్ కావాలె, పైసలు పెట్టొద్దు, మిషిన్ బరువెక్కొద్దు, నడుమ నడుమ ప్రశ్నలడిగి సతాయించొద్దు. ఇప్పటి పోరగాండ్లు నా దగ్గరికి తెచ్చే కోరిక ఇది. మొదటి రెండూ న్యాయమే బిడ్డా, ఎవలు కాదంటరు? ఆ మూడోదాని మీదనే నాకు మంటెక్కుతది. అడగకుంట కాపలా ఎట్ల కాస్తది?

మా ఆర్మూర్‌ల పసుపు సీజన్ వచ్చిందంటే అడ్తి దుకాణాల గోదాంల కాడ కాపలాదారు ఉండేటోడు. రాత్రి బస్తాల మీదనే పండేటోడు. అలికిడైతే చాలు, ఎవలది, ఏ దుకాణం, చిట్టీ ఏది అని అడిగేటోడు. లోపలికి వచ్చేటోన్నే కాదు, బయటికి బస్తా మోసుకపోయే హమాలీని గూడ ఆపేటోడు. సేటు కొడుకైనా సరే, చిట్టీ చూపియ్యాల్సిందే. అప్పుడు పసుపును చేన్ల కాడనే పెద్ద పెద్ద కడాయిలల్ల ఉడకబెట్టేటోళ్లు, పక్కనున్న పెర్కిట్ దాటి పోయినా ఆ వాసన ఎంబడి వచ్చేది. ఇప్పుడు ఆవిరి బాయిలర్ వస్తది, గడియల పని తేల్చి పోతది. తొందరగ అయితున్నది, కాదనను. కాని మంట కాడ కూసోని తెల్లారేదాక ముచ్చట పెట్టుకునే రాత్రులు ఏడికి పోయినయి? సరే, ఫైర్‌వాల్ దగ్గరికే వస్త. అది గూడ ఆ కాపలాదారు చేసిన పనే చేస్తది. నీ కంప్యూటర్‌కు 65 వేల పైన పోర్టులనే తలుపులుంటయి. ఏ పోర్టు నుంచి ఎవడొస్తున్నడు, లోపలున్న ఏ ప్రోగ్రామ్ బయటికి పోతున్నది, చూసి ఆపుడే దాని కొలువు.

మా రోజుల్ల నెట్ అంటే ఫోన్ వైరే. మోడెం కీచుమని మొత్తుకోని కలిసేది, అది కలిసినంతసేపు ఇంటి ఫోన్ మోగేది కాదు. పని అయినంక వైరు గుంజేసేటోళ్లం. దానికి మించిన ఫైర్‌వాల్ ఇయ్యాల్టిదాక పుట్టలే. 2005ల బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైనంక, మెల్లగ ఊళ్లకు పాకినంక, రాత్రింబగళ్లు నెట్‌కు అతుక్కోని ఉండుడు షురువైంది.

అంతకు ముందే, 2000ల, జోన్‌అలార్మ్ అనే ఫైర్‌వాల్ వచ్చింది. ఇంట్ల వాడుకునేటోళ్లకు ఉచితం. కొత్త ప్రోగ్రామ్ ఏదన్న నెట్‌ల అడుగుపెట్టబోతే మూలకు చిన్న డబ్బా లేచి అడిగేది, దీన్ని పోనియ్యాల్నా, వద్దా అని. మేము పేరు చదివి, ఆలోచన చేసి, జవాబు చెప్పేటోళ్లం. పాటలు వినే ప్రోగ్రామ్‌కు సముద్రం అవతల ఎవనితోని ఏం పని అని అనుమానమొచ్చేది. మా మిషిన్‌ల ఏమేం కాపురముంటున్నయో మాకు అట్లనే తెలిసింది. సైగేట్ అని ఇంకోటి ఉండె, ఒంటికి తేలిక, పనికి గట్టి. దాన్ని 2005ల సిమాంటెక్ కొని బంద్ పెట్టింది. జోన్‌అలార్మ్ అంతకు ముందటేడే చెక్‌పాయింట్ చేతికి పోయింది. తర్వాత వచ్చిన ఉచితం సరుకుల శానా వాటికి పక్కపొంటి యాంటీవైరస్, పాస్‌వర్డ్‌ల పెట్టె, కొనుమని రోజుకొక పొగడ్త. కాపలాకు పెట్టుకుంటే దుకాణం తెరిచి కూసుండె.

ఒక్కటి మాత్రం న్యాయంగ చెప్పాలె. 2003 ఆగస్టుల బ్లాస్టర్ అనే పురుగు తిరిగింది. నువ్వు ఏదీ నొక్కే పని లేదు, నెట్ తగిలిస్తె 135 నంబరు పోర్టు నుంచి దూరేది. తెర మీద అరవై సెకన్ల లెక్క మొదలై మిషిన్ దానంతటదే బంద్ అయి మళ్ల లేచేది. విండోస్ ఎక్స్‌పీల ఫైర్‌వాల్ ఉండనే ఉండె, కాని దాన్ని ఆపి పెట్టి అమ్మిండ్రు. మరుసటేడు ఆగస్టుల సర్వీస్ ప్యాక్ 2 వచ్చినంక గాని ముందే ఆన్ చేసి ఇయ్యలే. ఈ ఒక్క విషయంల మీ కాలమే మేలు. మీరు డబ్బా తెరిచేసరికే కాపలా నిలబడి ఉంటది.

అందుకే ఏది దించుకోవాలె తాతా అంటే, ముందుగాల ఏదీ దించకు అంట. విండోస్‌లనే ఉన్నదాన్ని చూడు. పైస లేదు, కొత్తగ బరువు లేదు. పిలవకుంట లోపలికి వచ్చేటోన్ని అది ఆపుతది. బయటికి పోయేదాన్ని మాత్రం నువ్వు రూల్ రాస్తె తప్ప ఆపది. ఆపే శక్తి 2007ల విస్టాతోనే వచ్చింది, వాడుకునేటోళ్లే తక్కువ. అది తెలియక పైన రెండు ఫైర్‌వాల్‌లు ఎక్కించుకునేటోళ్లున్నరు. ఒకదాని మాట ఒకదానికి పడది, మిషిన్ మూలుగుతది. ఒక్కటే ఉండాలె.

బయటికి పోయేవాటి మీద గూడ అదుపు కావాలంటే ఉచితంగ దొరికే చిన్నవి రెండు చెప్త, అందుల ఒక్కటే పెట్టుకో. టైనీవాల్ విండోస్‌ల ముందే ఉన్న ఫిల్టర్ల ఏర్పాటునే ఆధారం చేసుకోని నడుస్తది, డబ్బాలు లేపది. ముందే అన్నీ మూసి పెడతది, కావల్సిన ప్రోగ్రామ్‌ను నువ్వే చూపించి తెరవాలె. ప్రశ్నలొద్దనేటోళ్లకు అది సరిపోతది. నా మనసు సింపుల్‌వాల్ దిక్కు. ఒక్క మెగాబైటు గూడ ఉండది, కొత్త ప్రోగ్రామ్ కదిలితే చెప్తది, నిన్ను అడుగుతది. కాని దాన్ని తీసేసే రోజు ముందుగాల దాని ఫిల్టర్లను ఆపాలె, లేకుంటే అవి మిషిన్‌లనే ఉండిపోతయి. లినక్స్ వాడేటోడికి ఉబుంటుల యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ముందే ఉంటది, ఆన్ మాత్రం నువ్వే చేసుకోవాలె.

అడుగుడంటే మీకెందుకు గంత చిరాకు? 2019ల మన నిజామాబాద్ ఎంపీ ఎన్నికల్ల 185 మంది నిలబడ్డరు. అందుల ఎక్కువమంది పసుపు రైతులు, ఎర్రజొన్న రైతులే. మా బోర్డు ఏదని, మా ధర ఏదని దేశమంతా వినేటట్టు అడిగిండ్రు. ఆఖరికి 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలైంది, ఆఫీసు నిజామాబాద్‌కే వచ్చింది. అట్ల అడిగినోళ్ల బిడ్డలు, తెర మీద ఒక్క ప్రశ్న లేస్తె చదవకుంటనే అవునని నొక్కుతరు! అది ఏమడిగింది అంటే తెల్వదంటరు.

ఇంకోటి వినుండ్రి. రౌటర్ అమ్మినప్పుడు ఉన్న పాస్‌వర్డ్‌నే ఏండ్లకేండ్లు ఉంచుతరు, అది మార్చాలె. బస్టాండ్‌ల వైఫై అందుకుంటే నెట్‌వర్క్‌ను పబ్లిక్ అని పెట్టాలె, ప్రైవేట్ అని కాదు. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తోని మామూలు మద్దతు ఆగింది, అప్‌డేట్ రాని మిషిన్‌కు పడ్డ బొక్కను ఏ ఫైర్‌వాలూ పూడ్చది. కరెంటు బిల్లు కట్టలేదని మెసేజ్ వస్తె లింకు నొక్కేది నీ వేలే, దాన్ని ఆపే కాపలా నేనైతే చూడలే.

ఇది చదివి ఒక్కడన్న ఇంటికి పోయి తన ఫైర్‌వాల్ రానిచ్చిన ప్రోగ్రామ్‌ల జాబితా తెరుస్తడా అని నాకు గట్టి అనుమానం. తెరువు బిడ్డా. స్టార్ట్‌ల ఫైర్‌వాల్ అని కొట్టు, ప్రోగ్రామ్‌లకు అనుమతిచ్చే పేజీ తెరువు, లోపలికి రానిచ్చిన ప్రోగ్రామ్‌ల పేర్లన్నీ వరుసగ కనిపిస్తయి. ఎన్నడో తీసేసిన ఆటల పేర్లు గూడ ఉంటయి. ఒక్కొక్కటి చదువు, నీకు పని లేనిదాని టిక్కు తీసెయ్యి. ఏదన్న ఆగిపోతే మళ్ల పెట్టుకోవచ్చు.