మాది కందకుర్తమ్మా

"మాది కందకుర్తమ్మా. మూడు నదుల కాడ పుట్టినోళ్ళం. నీళ్ళు మాకు కొత్తా?"

కుంతాల జలపాతం దగ్గర మక్కకంకులు కాల్చి అమ్ముకునే ఒక పెద్దమ్మతో నేను అన్న మాట ఇది. ఆమె నా మంచి కోరి ఒక ముక్క చెప్పబోయింది. నేను ఆమె నోరు మూయించాను. ఆ తర్వాత పావుగంట కూడా గడవకముందే మా అక్క కొడుకు ప్రాణం మీదికి వచ్చింది. ఆ పావుగంటలో చేసిన తప్పు ఒకటైతే, దాన్ని కప్పిపుచ్చడానికి చేసిన తప్పు ఇంకొకటి. రెండోదే పెద్దది.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. నా గర్వమంతా అక్కడి నుంచే వచ్చింది. నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలో కందకుర్తి. త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి మహారాష్ట్ర దాటి తెలంగాణలో అడుగు పెట్టేది మా ఊరి దగ్గరే. బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర 724 కిలోమీటర్లు నడిచి వచ్చి ఇక్కడే గోదావరిలో కలుస్తుంది. హరిద్ర అనే చిన్న నది కూడా కలుస్తుంది కనుక త్రివేణి సంగమం అంటారు. నదిలో రాతి శివాలయం ఉంది. వరదొస్తే మునుగుతుంది, తీస్తే తేలుతుంది. అది ఎంతవరకు మునిగిందో చూసి నీళ్ళ లెక్క చెప్పడం మాకు చిన్నప్పుడే అలవాటు.

వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టి మా నాయిన నన్ను నీళ్ళలోకి తోసినప్పుడు నాకు ఏడేళ్ళు. పదేళ్ళకు డబ్బా తీసేశాను. పన్నెండేళ్ళకు ఒక పాయ అడ్డంగా ఈదాను. పోచంపాడు ప్రాజెక్టు నిండితే వెనుక నీళ్ళు మా దాకా వచ్చి నది చెరువులా నిలబడేది. ఆ నీళ్ళలో వెల్లకిలా పడుకుని తేలేవాణ్ణి. అడుగున ఇసుక. కాలు జారినా మెత్తగా పడతాం. వరద వచ్చినా చెప్పి వస్తుంది. నిజాంసాగర్ గేట్లు ఎత్తారంటే ఆ కబురు మంజీర కంటే ముందే మా ఊరికి చేరేది. బీర్కూరు, కోటగిరి వైపు నుంచి వచ్చే బస్సువాళ్ళు చెప్పేవాళ్ళు. తర్వాత చాటింపు వేసేవాళ్ళు. ఆ తర్వాత తీరిగ్గా నీళ్ళు వచ్చేవి. గొడ్లను గట్టెక్కించి, మోటార్లు విప్పుకునేంత టైము ఇచ్చే నది మాది.

నాకు తెలిసిన నీళ్ళు ఇవి. నీళ్ళంటే ఇంతే అనుకున్నాను.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది దగ్గర హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్ళతో ఉన్న టూరు మనిషి కూడా పోయాడు. పైన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళు, రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న పిల్లల్ని చూస్తుండగానే చుట్టేశాయి. ఆ దృశ్యాన్ని టీవీలో రోజుల తరబడి చూపించారు. ఇంట్లో అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే నేను అన్నాను, "పట్నం పిల్లలు గదా, ఈత రాదు. మన ఊరోళ్ళయితే బయటపడేటోళ్ళు." ఇరవై నాలుగు ఇళ్ళలో శవాల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో అన్న మాట అది. ఎవరూ నన్ను మందలించలేదు. ఈత విషయంలో నా మాట మా ఇంట్లో చెల్లేది. అక్కకొడుకు, అప్పటికి పన్నెండేళ్ళవాడు, నా పక్కనే కూర్చుని విన్నాడు.

2016లో వానలు బాగా పడ్డాయి. అంతకు ముందు రెండేళ్ళు కరువు. 2015 జూలైలో గోదావరి పుష్కరాలకు మా సంగమంలోనే నీళ్ళు పలచబడి, వచ్చినవాళ్ళ ముఖం చూడలేకపోయాం. అదే ఏడాది డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు పెట్టిన ఇళ్ళన్నీ దిగులుతో ఉన్నాయి. అందుకే మరుసటేడు చెరువులు నిండగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎక్కడికన్నా పోదామన్నారు పిల్లలు. అలీసాగర్ తోట, మల్లారం రాళ్ళు ఎన్నోసార్లు చూసినవే. నిజాం కాలంలో కట్టిన అలీసాగర్‌ను నేను ఇప్పటికీ ఇష్టంగా చూస్తాను. గుట్ట మీది బంగళా నుంచి కింద నీళ్ళు చూస్తే మనసు చల్లబడుతుంది. కానీ ఆ రోజు నేనే, "అవి నిలవ నీళ్ళురా, ఉరికే నీళ్ళు చూపిస్తా పదండి" అని కుంతాల పేరెత్తాను.

సెప్టెంబరులో ఒక ఆదివారం. పులిహోర, దద్దోజనం కట్టుకుని పదకొండు మందిమి బండెక్కాం. ఆర్మూరు దాటి, సోన్ వంతెన మీద గోదావరికి దండం పెట్టుకుని, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే పిల్లలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. టేకు చెట్లు పూతలో ఉన్నాయి. మా చదును నేల మీద పుట్టినవాళ్ళకు ఆ మలుపులే ఒక వేడుక. నేరడిగొండ దగ్గర హైవే దిగి అడవి దారి పట్టాం.

కుంతాల కడెం నది మీద ఉంది. 45 మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు రాతి మెట్ల మీదుగా విరిగి విరిగి పడతాయి. శకుంతల పేరు మీదే ఆ పేరు వచ్చిందంటారు. రాతి లోపల సోమేశ్వరుడున్నాడు, శివరాత్రికి జనం వచ్చి కొలుస్తారు. కిందికి దిగడానికి వందల మెట్లు. మోకాళ్ళ నొప్పులని అక్కా, ఇంకొందరు పెద్దవాళ్ళూ పైనే చాప పరుచుకున్నారు. నేను, పిల్లలు దిగాం. దారిలో హెచ్చరిక బోర్డు ఉంది. చదివాను. అది మనకు కాదనుకున్నాను.

పెద్దమ్మ మెట్ల పక్కన నిప్పులు విసురుకుంటోంది. నేను కమ్మీల వైపు నడుస్తుంటే చూసి, "సారూ, ఆ పక్కకు పోకున్రి. పైన వాన పడ్డది. నీళ్ళు ఎప్పుడొస్తయో తెల్వదు" అంది. అప్పుడే ఆ మాట అన్నాను. ఆమె ఇంకేం అనలేదు. కంకి తిప్పుకుంది.

కమ్మీల అవతల నల్లటి బండ. దాని మీద చీలమండ లోతు నీళ్ళు పల్చగా జారుతున్నాయి. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి నడిచాను. అరికాలి కింద ఏదో మెత్తగా, పట్టుగుడ్డలా తగిలింది. పాకురు. మా నదిలో ఇసుక ఉంటుంది కానీ పాకురు పట్టిన బండ తక్కువ. ఆ మెత్తదనం నాకు బాగుందనిపించింది. వెనక్కి తిరిగితే మేనల్లుడు కమ్మీల దగ్గర నిలబడి చూస్తున్నాడు. వాడు రావాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. నేను చెయ్యి చాచి, "రారా, ఏం కాదు" అన్నాను.

వాడు కమ్మీలు దాటాడు. నేను అడుగు వేసిన చోటే అడుగు వేశాడు. మూడో అడుగుకు జారాడు. అరిచాడో లేదో కూడా తెలియదు, జలపాతం హోరులో ఏమీ వినబడలేదు. పలక మీద బలపం జారినట్టు జారిపోయి గుండంలో పడ్డాడు.

దూకాను. అప్పుడు తెలిసింది. చెయ్యి వేస్తే నీళ్ళు పట్టు ఇవ్వడం లేదు. చుట్టూ తెల్లటి నురుగు, అందులో సగం గాలి. ఆ నీళ్ళు మనిషిని మోయవు. ఎంత తన్నుకున్నా కిందికే పోతున్నాను. పైనుంచి పడే ధార అడుగుకు పోయి, మళ్ళీ లేచి, మమ్మల్ని ధార కిందికే లాగుతోంది. నలభై ఏళ్ళుగా వచ్చిన ఈత అక్కడ పది క్షణాలు కూడా పనికిరాలేదు. వాడి చొక్కా కాలరు చేతికి చిక్కింది. అది ఈత వల్ల కాదు, మమ్మల్ని ఇద్దర్నీ ఒకే బండకు కొట్టింది గనక చిక్కింది.

పెద్దమ్మ కేకలు విని ఇద్దరు ఊరి కుర్రాళ్ళు తాడుతో వచ్చారు. నిలబడలేదు. ఒకడు బండ మీద బోర్లా పడుకున్నాడు, రెండోవాడు వాడి కాళ్ళు పట్టుకున్నాడు. అలా పడుకుని తాడు విసిరారు. బయటికి లాగాక అల్లుడు నీళ్ళు కక్కాడు. ఎడమ మణికట్టు వంకరగా వేలాడుతోంది. కుర్రాళ్ళలో ఒకడు రొప్పుతూ అన్నాడు, "తెల్లనీళ్ళల్ల ఈత ఆగది సారూ. నల్లనీళ్ళల్లనే ఆగుతది." వాళ్ళ పేర్లు అడగాలన్న జ్ఞానం కూడా నాకు ఆ పూట లేదు.

బట్టలు పిండుకుని పైకెక్కేసరికి అక్కకు ఎవరో చెప్పేశారు. పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది తమ్మీ?" అంది.

"వద్దంటున్నా వినకుంట కమ్మీలు దాటిండక్కా. నేను దునికి పట్టుకున్న."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాల్సిన పని లేదు. నాలో నుంచే వచ్చింది. తడిసి వణుకుతున్న కొడుకు చెంప మీద అక్క ఒక్కటి కొట్టింది. తర్వాత నా భుజం మీద పడి ఏడ్చింది. "నువ్వు లేకుంటే నా కొడుకు లేడు" అంది. అల్లుడు నా ముఖంలోకి చూశాడు. ఏమీ అనలేదు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు విరిగిన చెయ్యి పట్టుకుని నా అబద్ధాన్ని కూడా మోశాడు. నిర్మల్‌లో కట్టు కట్టించి ఇంటికొచ్చాం.

ఆరేళ్ళు. దసరాకు జమ్మి పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళకూ, పెళ్ళిళ్ళలో కలిసిన చుట్టాలకూ అక్క ఆ కథ చెప్పేది. నేను పక్కనే ఉండేవాణ్ణి. ఒక్కసారి కూడా కాదనలేదు. మొదట్లో గొంతుకు అడ్డం పడేది. తర్వాత్తర్వాత అది కూడా తగ్గింది. ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది గానీ, నిజం అదే.

2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు వరద ముంచుకొచ్చింది. ఉన్న 18 గేట్లూ ఎత్తగలిగినా వదలగలిగేది 3 లక్షల క్యూసెక్కులు. వస్తున్నవి 5 లక్షలు. నీళ్ళు గేట్ల మీది నుంచి పొర్లుతుంటే కట్ట ఉంటుందా పోతుందా అని రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి చూసింది. కట్ట నిలిచింది. అక్కవాళ్ళింట్లో ఇరుగుపొరుగుతో కలిసి టీవీలో అదే చూస్తున్నాం. కొండ నది ఎలా ఉబ్బుతుందో అప్పుడు కళ్ళారా చూశాను. అడవిలో, రాతి నేల మీద పడ్డ వాన ఇంకదు, వాలు పట్టుకుని ఒకేసారి దిగుతుంది. కింద ఎండ కాస్తుండగానే పైన పడ్డ వాన వచ్చి మీద పడుతుంది. పెద్దమ్మ నాకు చెప్పింది ఇదే.

అక్క టీవీ వైపు చూపిస్తూ పక్కింటావిడతో అంది, "ఆ కడెం నీళ్ళల్లకెంచే గదా మా తమ్ముడు వీన్ని బతికించింది." ఇరవై ఏళ్ళ అల్లుడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. కోపంగా వెళ్ళలేదు. అలవాటైనట్టు వెళ్ళాడు. అది చూసి తట్టుకోలేకపోయాను.

ఆ రాత్రి అందరూ పోయాక అక్కకు చెప్పాను. పెద్దమ్మ చెప్పిన మాట, నేనన్న మాట, చెయ్యి చాచి పిలిచింది, అన్నీ. అక్క నన్నేమీ అనలేదు. కొడుకును లోపలికి పిలిచి, వాడి ఎడమ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఎముక కొంచెం ఎత్తుగా అతుక్కున్న చోట నిమురుతూ, "నేను కొట్టిన గదా బిడ్డా ఆ రోజు" అని ఒక్కటే మాట అంది. నాతో దసరా దాకా మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

తర్వాత ఒకసారి కుంతాల వెళ్ళాను. పెద్దమ్మ కనిపించలేదు, కుర్రాళ్ళు ఎవరో తెలియలేదు. కమ్మీల ఇవతల నిలబడి చూశాను. అక్కడి నుంచే జలపాతం పూర్తిగా కనిపిస్తుంది. బండ మీదికి పోయిన రోజున నాకు కనిపించింది నా కాళ్ళే. కడెం కూడా చివరికి మా గోదావరిలోనే కలుస్తుంది.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. కందకుర్తికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కొండల నుంచి, సముద్రం ఒడ్డు నుంచి, మంచి ఈతగాళ్ళూ వస్తారు. మా నది పైకి నెమ్మదిగా కనిపిస్తుంది. కానీ ఇసుక తవ్వుకుపోయిన చోట మోకాటి లోతు పక్కనే నిలువు లోతు ఉంటుంది, మంజీర కలిసే చోట అడుగు నీళ్ళు లాగుతాయి. దయచేసి దిగేముందు గట్టు మీద వల సర్దుకుంటున్నవాళ్ళనో, పూలమ్మే అమ్మనో ఎక్కడ దిగొచ్చో అడగండి. మా అల్లుడు కూడా అక్కడే ఉంటానన్నాడు. వాడు మోకాళ్ళ లోతు దాటి దిగడు గానీ, లోతు ఎక్కడుందో చెబుతాడు.