త్రాసు మేస్త్రి

ఇట్టివాడు ప్రతి ఊరిలోను ఒకడు తప్పక యుండును. మా బెజవాడ ఆటోనగరులో ఇంజను విప్పగలవారు వీధికి పదిమంది కలరు. విప్పినదానిని ఒక్క నట్టైనను మిగులకుండ మరల బిగింపగలవారు అందులో సగము. బిగించుటకు ముందు పిస్టనులను కంసాలి త్రాసులో పెట్టి గురిగింజలతో తూచువాడు మాత్రము మా మేస్త్రి యొక్కడే. ఆ త్రాసు మామగారిది. కూతునకు అరణముగా బంగారము నీయవలసిన ఆ పెద్దమనిషి త్రాసు నిచ్చి తప్పుకొనెనని గిట్టనివారు చెప్పుదురు. బంగారముకంటె త్రాసే మేలని మేస్త్రి నేటికిని మనసార నమ్మియున్నాడు.

నా పాత అంబాసడరు యజ్ఞశాలవలె నీలిపొగ గ్రక్కుచుండగా ఆయనను శరణు జొచ్చితిని. 1489 సీసీల ఆ ఇంజను నాలుగు బోరులును అరిగి కోడిగ్రుడ్డు వాటమునకు వచ్చినవట. ముప్పది థౌ ఓవర్‌సైజు పిస్టనులు ముందు కొని, వాని కొలతకు బోరు చేయింపవలెనట.

"చెప్పు కొని కాలు చెక్కించుకొందుమా, మేస్త్రిగారూ?"

"ఇక్కడంతేనండీ."

పిస్టనుల అంగడికి పోతిమి. అంగడివాడు పెట్టె వెనుక పెట్టె తెరచుచుండ, ఈయన ప్రతి పిస్టనును స్కర్టుకడ, దానిని రాడ్డునకు తగిలించు గజన్ పిన్నునకు అడ్డముగా, మైక్రోమీటరుతో పట్టి, పెదవి విరిచి ప్రక్కన పెట్టుచుండెను. చూపునకు గుండ్రముగా నున్నను పిస్టను నిజమునకు గుండ్రము కాదనియు, అల్యూమినియము వేడికి పోత ఇనుముకంటె రమారమి రెండింతలు వ్యాకోచించును గావున తలకడ సన్నముగా, నడుమున కొంచెము కోలగా చేయుదురనియు ఆనాడే తెలిసికొంటిని. సాయంకాలమునకు నాలుగు పిస్టనులు కుదిరినవి. అంగడివాడు మాకు నమస్కరించిన తీరులో భక్తికంటె విముక్తి యెక్కువగా కనబడినది.

కనెక్టింగు రాడ్లు మాత్రము పాతవే చాలుననెను. "పేలుడు తోస్తుందండీ, అంతే. రాడ్డును విరిచేది లాగుడు." నిమిషమునకు నాలుగువేల చుట్లు తిరుగు ఇంజనులో పిస్టను ఎనిమిదివేల మారులు ఆగి వెనుకకు మరలును, ఆ మరలించు భారమంతయు రాడ్డుదే. కావున వానిని రాత్రియంతయు కిరసనాయిలులో నానవేసి, తుడిచి, సుద్దనీరు పూసి ఆరబెట్టెను. పగులున్నచో అందు దాగిన నూనె సుద్దపైకి నల్లని గీతయై ఊరునట. మూడవ రాడ్డుపై అట్టి గీత యొకటి అగపడినది. ఆయన కడ పనిచేయు కుఱ్ఱలు ఊపిరి బిగపట్టిరి. మేస్త్రి ముఖము పాలిపోయి, మరింత సమీపమునకు వంగి నిట్టూర్చగా, ఆ పగులు కాస్తా గాలికి ఎగిరిపోయినది. అది ఆయన మీసపు వెండ్రుక!

అటుపిమ్మట తూకము. రాడ్డు చిన్న చివరను దారముతో వ్రేలగట్టి, పెద్ద చివరను త్రాసులో నుంచి తూచును. మరల తారుమారు చేసి తూచును. అన్నిటిలో తేలికయైనదే ప్రమాణము. తక్కినవానిని దాని స్థాయికి ఆకురాయితో అరగదీయవలెను, గీతలు నిలువుననే గాని అడ్డముగా పడరాదు, అడ్డగీత పగులునకు పుట్టినిల్లు. ఇంతవరకు శాస్త్రమే. కాని రెండవ రాడ్డును అర గురిగింజ కొలది ఎక్కువ అరగదీయుటచే అదే తేలికయై, తక్కిన మూడును మరల దోషులైనవి. పిల్లుల రొట్టె పంచిన కోతి యైనను ఇంత దీక్షతో పంచియుండదు. మూడు వారములు గడచినవి. ఆ కుఱ్ఱల వారపు కూలి మాత్రము ఏ త్రాసునకును ఎక్కలేదు. "ఉజ్జాయింపుగా ఇచ్చేద్దాంలేరా" అని తేల్చెడివాడు.

తుదకు నాలుగు రాడ్లును, నాలుగు పిస్టనులును గురిగింజ తేడా లేకుండ కుదిరిన శుభదినమున నేను మిగిలిన పైకము చేతిలో పెట్టితిని. ఎంతయో చూడనైన చూడక జేబులో క్రుక్కుకొని, ఉన్నట్టుండి నాలుక కరచుకొని, "ఒరేయ్, గజన్ పిన్నులు తూచడం మర్చిపోయాం, త్రాసు పట్రా!" అని కేకవేసెను.