రెండు చుక్కల తేటగీతి: సటీకాతాత్పర్యము

మూలము

కంటి యెత్తున నొకగీత కాగితమున
గీసి రెండు చుక్కల నిరుగెలనఁ బెట్టి
నిలువు గీతలఁ గదపక నిలిపి పిదపఁ
దక్కినవి యెల్లఁ జుక్కలఁ దాఁకవలయు

అవతారిక

బరంపురమున మాకు డ్రాయింగు చెప్పిన మాష్టరుగారు, మూలవాటుగా చూచిన ఇంటిని గీయు మర్మము పిల్లల నోట నిలుచుటకై ఈ పద్యమును నల్లబల్లపై సుద్దతో వ్రాసి, లెక్కల మాష్టరు ఎంత బ్రతిమాలినను మూడు వారములు చెరపనీయలేదు. కాళిదాసునకు మల్లినాథసూరి దొరకినట్లు ఆయనకు నేను దొరకితిని. మెదకుసీమ వాడైన ఆ సూరి మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిన పట్టినవాడు. అంతటి సాహసము నావల్ల కాదు. గీతల శాస్త్రమును తేటగీతిలో చెప్పుట ఎంత ఉచితమో వేఱుగ చెప్పనక్కఱలేదుగాని, చెప్పితిని.

ప్రతిపదార్థము

కంటి యెత్తున = చూచువాని కన్ను ఉన్న ఎత్తున. ఎవని కన్ను? కట్టడముది కాదు, మాష్టరుది కాదు, గీయువానిదే. ఖల్లికోట కళాశాల మూలకు ఎదురుగా చెట్టు నీడను మమ్ము కూర్చుండబెట్టినపుడు, చతికిలబడినవాని గీత ఒకచోటను, పుస్తకముల దొంతిపై కూర్చున్నవాని గీత మఱియొకచోటను వచ్చి, భవనము ఒకటే అయ్యును బొమ్మలు పదునెనిమిదైనవి. ఈ గీతకు పైనున్న చూరు అంచు దూరము పోయినకొలదిని దిగును. దిగువనున్న అరుగు అంచు దూరము పోయినకొలదిని ఎక్కును. ఈ ఒక్క మాట తెలియకయే సగము క్లాసు చూరును ఆకాశమునకు పంపెను.

ఇరుగెలన = రెండు ప్రక్కలను. కెలను అనగా ప్రక్క. యతికై తెచ్చిన పాతమాట. దీనివలన ఒక శిష్యుడు గీతకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి రెండు అరటిగెలలను వ్రేలాడదీసి, ఇల్లెక్కడ గీయవలెనండీ అని అడిగెను. గెలలు మాత్రము బాగుగ కుదిరినవని మాష్టరుగారే ఒప్పుకొనిరి.

కాగితమున = కాగితముపై. ఇక్కడ ఒక చిక్కు కలదు. చుక్కలు రెండును కాగితముమీదనే పెట్టినచో అవి మిక్కిలి దగ్గఱై, ఇంటి మూల గోపాలపురపు పడవ ముక్కువలె మనమీదికి దూసికొనివచ్చును. కావున చుక్కలు కాగితము దాటి పోవలసినదే. మా మాష్టరుగారు బెంచీకి ఈ కొసను ఆ కొసను మేకులు కొట్టించి, వానికి దారము కట్టి, ఆ దారమును గోడ అంచువెంట బిగలాగి గీత గీయించెడివారు. మేకు ఒక్కింటికి అణా వంతున మేము జరిమానా కట్టితిమి గాని, అటుపిమ్మట మా ఇండ్లు పడవలు కాలేదు. అట్లైన మూలము తప్పా? కాదు. "కాగితమున" అనునది "గీసి" అను క్రియతోడనే అన్వయించును. "పెట్టి" అనుదానితో అన్వయింపదు. అన్వయము తెలియనివానికే కాగితము చాలదు.

కదపక నిలిపి = వాల్పక, నిట్టనిలువుగ ఉంచి. మనకు దగ్గఱగానున్న మూలగీత అన్నిటికంటె పొడవు. వెనుకకు పోయినకొలదిని నిలువులు పొట్టివగును గాని వంగవు. గోడ నడుమ కిటికీ పెట్టుట ఎట్లో మూలము చెప్పలేదు. స్కేలుతో కొలిచి సగమున పెట్టినది ఎపుడును దూరముగ జరిగినట్లుండును. గోడకు మూలనుండి మూలకు రెండు అడ్డగీతలు గీచి అవి కోసికొన్నచోట నడిమి యని తెలియునది.

దోషవిచారము

గీసి, పెట్టి, నిలిపి అను క్రియలకు కర్త శిష్యుడు. తాకవలయు అనుదానికి కర్త గీతలు. ఒక వాక్యమున ఇట్లు కర్త మాఱరాదని వ్యాకరణము చదివినవారు మొఱపెట్టుదురు. సమాధానము: ఇది అన్నియు పోయి చుక్కలో మాయమగు విద్య. గీతలు మాయమగుచుండగా కర్త మాత్రము ఎందులకు మిగులవలెను?

విశేషములు

బరంపురము స్టేషను ప్లాటుఫారము చివర నిలిచి చూచిన రైలుపట్టాలకు చుక్క ఒక్కటే చాలును. ఇటలీవాడగు ఆల్బర్తి 1435లో వ్రాసిన చిత్రకళాగ్రంథమున చెప్పినది ఆ నడిమి చుక్కనే. కంటి యెత్తు గీతపై ఇరుప్రక్కల చుక్కలను పెట్టినవాడు ఫ్రాన్సుదేశపు మతాచార్యుడు జాఁ పెలెరాఁ. ఆయన పుస్తకము 1505లో తూల్ పట్టణమున అచ్చైనది. మనవారికి ఇది బొత్తిగ తెలియదనరాదు: విష్ణుధర్మోత్తరపు తృతీయఖండములోని చిత్రసూత్రము క్షయవృద్ధులను చెప్పినది, అయినను అది దేహములను గూర్చి, ఇండ్లను గూర్చి కాదు. మన జిల్లాలోనే బుగుడ విరంచినారాయణుని గుడి గోడలపై రామాయణము గీసినవారు చుక్కల జోలికి పోలేదు. వారి మేడ మన కెదురుగ తిరిగి కూర్చుండి, లోపల ఎవరున్నదియు దాపఱికము లేక చూపును. మూలవాటుగ గీసిన ఇంటిలో రాముడున్నను కనబడడు. ఏది మేలో నేను తీర్పు చెప్పను. బుగుడవారికి మేకుల జరిమానా లేదు.

గంజాము వద్ద 1768లో కంపెనీవారు కట్టించిన పొటగడ కోట నక్షత్రాకారము; దాని గోడలు జంటకొక దిక్కునకు పోవును గనుక దానికి తేటగీతి చాలదు, సీసము వ్రాయవలెను.

1936 ఏప్రిల్ 1న గంజాము మదరాసును విడిచి ఒడిస్సాలో చేరినదనియు, ఈ పద్యమున ఒక గోడ తెలుగువైపును, ఒక గోడ ఒడియావైపును పోవుచున్నదనియు నా మిత్రుడొకడు ధ్వని తీయును. వాడు గీసిన ఇంటికి నేటికిని తలుపు లేదు. కావున ఆ ధ్వని గ్రాహ్యము కాదు.

పూర్వపక్షము

దేవాంగుల వీధినుండి వచ్చు పిల్లవాడొకడు మా క్లాసున ఉండెడివాడు. ఉదయమే వీధి పొడవునను పట్టుపడుగు చాచి, కఱ్ఱలమీద నిలిపి, తెగిన పోగును తండ్రి అతుకుచుండగా అవతలికొస పట్టుకొనుట వాని పని. తక్కిన గీతలన్నియు చుక్కను తాకవలయునని విని వాడు లేచి, "మాస్టారూ, దూరం పోయేకొద్దీ పోగులు దగ్గరికొచ్చేస్తే మా నాన్న చీర ఏటి నేస్తాడండీ? కుంభం అంచు ఇటు పెద్దది, అటు చిన్నది అయిపోదా?" అనెను.

మాష్టరుగారు వెంటనే బదులు చెప్పలేదు. మఱునాడు సూర్యోదయమునకు మమ్ము ఆ వీధికి తీసికొనిపోయి, పిల్లవానిని పడుగు మొదట కూర్చుండబెట్టి, చేయి చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలుపై బొటనవ్రేలి గోటితో కొలువుమనిరి. దగ్గఱ పడుగు వెడల్పు పెన్సిలు పొడవంత. ఆవలి కొసన గోరంత. వాడు లేచి పరుగున ఆ కొసకు పోయి జేనతో కొలిచెను. ఈ కొసకు వచ్చి కొలిచెను. రెండును ఒకటే. తండ్రి, పోగులు తెగునురా అని కేక వేసెను.

ఆ వారపు బొమ్మలో వాడు వీధినంతయు గీసెను. చూరులు దిగినవి, అరుగులు ఎక్కినవి, కిటికీలు కుదిరినవి, నిలువులు కదలలేదు. నడుమ చాచిన పడుగు మాత్రము ఈ కొసనుండి ఆ కొసకు ఒకే వెడల్పున, పోగునకు పోగు దూరము తగ్గక, ఏ చుక్కను తాకక సాగిపోయినది. మాష్టరుగారు ఎఱ్ఱపెన్సిలు ఎత్తి, పడుగుమీదికి తెచ్చి, చాలసేపు అట్లే పట్టుకొని, చెవిమీద పెట్టుకొనిరి.

తాత్పర్యము

సుగమము.