అహ్మద్ షా గారిపై ఒక ఫిర్యాదు

కీర్తిశేషులైన బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ గారి మీద నేను దాఖలు చేస్తున్న ఫిర్యాదు ఇది. ఆరువందల ఏళ్ళు ఆలస్యమైందని కొట్టేయకూడదు. నేరం పాతదే, నష్టం మాత్రం పిల్లలకు సెలవులిచ్చినప్పుడల్లా తాజాగా జరుగుతోంది.

గుల్బర్గాలో రాజధాని లక్షణంగా ఉండేది. ఈయనగారు దాన్ని ఎత్తుకొచ్చి బీదరులో పెట్టాడు. కోట, మహళ్ళు, చివరికి తన సమాధి కూడా ఇక్కడే. నన్ను ఉద్యోగం తెచ్చి ఇక్కడ పడేసింది. ఆయన కదలకుండా ఉండుంటే మా ఆవిడ తరఫువాళ్ళు గుల్బర్గాకే పోయేవారు. అక్కడ నాకు ఇల్లు లేదు.

హైదరాబాదుకూ బీదరుకూ మధ్య దూరం సుమారు 140 కిలోమీటర్లు. సంసారులకు ఇంతకన్నా ప్రమాదకరమైన దూరం లేదు. ఇంకాస్త దగ్గరైతే రాత్రి భోజనానికి ముందే వెళ్ళిపోదురు, ఇంకాస్త దూరమైతే అసలు బయల్దేరరు. 1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని ముక్కలు చేసి బీదరును మైసూరు రాష్ట్రంలో కలిపారు. జహీరాబాదు దాటాక వచ్చే ఆ సరిహద్దు బామ్మర్దులను ఆపడానికి పనికిరాదని మాత్రం ఆ పెద్దలు ముందే ఊహించలేదు. "బావా, ఆదివారం వస్తున్నం. ఊరంత నువ్వే చూపియ్యాలె. గైడుకు పైసలు దండుగ" అని ఫోను. ఆ దండుగ అన్న మాటను ప్రత్యేకంగా నమోదు చేసుకోమని మనవి.

దర్శనం నరసింహ ఝరణితో మొదలవుతుంది. కొండను తొలిచిన సొరంగం, నడుము దాటి ఛాతీ దాకా నీళ్ళు, నెత్తి మీద గబ్బిలాలు, చివర గోడకు స్వామి. జలాసురుణ్ణి స్వామి చంపితే వాడు నీరై ఆయన పాదాల దగ్గర పారుతున్నాడని స్థలపురాణం. రాక్షసుడికైనా ఓ స్థిరమైన చోటు దొరికింది. నేను మాత్రం ఒక పిల్లవాణ్ణి భుజం మీద దాటించి, రెండోవాడి కోసం మళ్ళీ నీళ్ళలోకి దిగాలి, ఎందుకంటే నేను స్థానికుణ్ణి. ఇంట్లో ఉన్న తువ్వాళ్ళన్నీ ఆ ఉదయమే తడుస్తాయి. గృహప్రవేశానికి పెట్టినవి, విప్పకుండా బీరువా అడుగున దాచినవి కూడా. సాయంత్రం నేను స్నానం చేసి లుంగీతో తుడుచుకుంటాను.

కోటకు రాతిని తొలిచిన మూడు వరసల కందకం ఉంది. అది దాటాక రంగీన్ మహల్, దానికి తాళం. తాళంచెవి మనిషిని వెతుకుతూ మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగేది ఎవరో చెప్పనక్కర్లేదు. లోపల నల్లరాతిలో ముత్యపు చిప్ప పొదిగిన గోడలున్నాయి. నిజం చెప్పొద్దూ, వాటి ముందు నా సణుగుడు కాసేపు ఆగుతుంది. ఇదీ సుల్తానుల కుట్రే. తిట్టడానికి వచ్చినవాడి నోరు మూయించడానికే అలా చెక్కించి ఉంటారు.

మహమూద్ గవాన్ మదరసా దగ్గర మా బామ్మర్ది నిలదీశాడు. "బావా, ముందట రెండు మినార్లుండాలె గదా, ఒకటేది?" నేనేదో అటక మీద దాచినట్టు అడిగాడు. 1472లో గవాన్ కట్టించిన విద్యాలయమిది. పర్షియా నుంచి వ్యాపారానికొచ్చి ప్రధానమంత్రి అయిన మనిషి. శత్రువులు దొంగ ఉత్తరం పుట్టిస్తే, సుల్తాను విచారణ కూడా లేకుండా 1481లో తల తీయించాడు. ఔరంగజేబు కాలంలో లోపల దాచిన మందుగుండు పేలి కట్టడంలో కొంత భాగం, ఒక మినారు పోయాయి. ఇదంతా చెప్పాను. "అట్లనా" అని ఐస్‌క్రీం బండి వైపు నడిచాడు.

ఆడవాళ్ళకు బిద్రీ దుకాణాలు. జింకులో కాస్త రాగి కలిపి పోత పోసి, చెక్కిన గీతల్లో వెండి తీగ కొట్టి, కోటలో ఎండా వానా తగలని చోటి మట్టిని నవాసారంతో కలిపి మరిగించిన నీళ్ళలో వేస్తే, జింకు నల్లబడి వెండి మెరుస్తుంది. మట్టి పనికొస్తుందో లేదో పనివాళ్ళు నాలుక మీద వేసుకుని చెబుతారు. అలాంటి పనికి బేరమాడమని నన్ను ముందుకు తోశారు. నాకు దక్కనీ ఉర్దూ వచ్చునట, నేనడిగితే సగానికిస్తాడట. ఆ పనివాడి వేళ్ళు చూశాక బేరం నోట రాలేదు. మిగతాది నా జేబు కట్టింది.

గురునానక్ ఝీరాలో లంగరు భోజనం చేశారు. ఇంట్లో మా ఆవిడ తెల్లవారుజామున కలిపిన పులిహోర రాత్రికి నా వాటా అయింది. వాళ్ళకు వేడిగా అన్నం, రెండు కూరలు.

1470 ప్రాంతంలో నికితిన్ అనే రష్యా వర్తకుడు బీదరు వచ్చాడు. గుర్రం అమ్ముకున్నాడు, ఊరు చూశాడు, సుల్తాను ఊరేగింపు చూశాడు, అంతా రాసి పెట్టాడు. చరిత్రకారులు ఇప్పటికీ దాన్ని ఉటంకిస్తారు. అతన్ని వెంట తిప్పిన బీదరు సంసారి ఏమనుకున్నాడో ఒక్కరూ వెతకలేదు. చరిత్రంతా ఇలా చుట్టాలు రాసిందే.

పొద్దువాలే వేళకు అష్టూరు గుమ్మటాలు చేరాం. అక్కడ బహమనీ హుమాయూన్ సమాధి పిడుగుపాటుకు చీలి సగం మిగిలింది. జనం ఇతన్ని జాలిం, అంటే క్రూరుడు, అన్నారు. చచ్చాక గాని పిడుగు పడలేదు కనుక, పైవాడి దగ్గర కూడా విచారణలు మా కోర్టుల వేగంతోనే నడుస్తాయని తేలింది. పక్కన ముద్దాయి అహ్మద్ షా సమాధి. గుమ్మటం లోపలంతా ఎరుపు, నీలం, బంగారు రంగులు. కేసు ఇక్కడే వీగిపోయింది. ముస్లింలు ఆయన్ని వలీ అంటారు, లింగాయతులు అల్లమప్రభువని మొక్కుతారు, ఉరుసుకు జంగమయ్య ఊరేగింపుగా వస్తాడు. ఆయనకు వ్యతిరేకంగా చెప్పే సాక్షి ఊళ్ళో దొరకడు. చివరి ఆశగా మా ఆవిడ వైపు చూశాను. కళ్ళు మూసుకుని దండం పెడుతోంది.

"ఏం మొక్కుకున్నావు?"

"వేసవిలో మా అక్కయ్యవాళ్ళు కూడా క్షేమంగా రావాలనండీ."