టైగర్‌కి భోగిపళ్ళు

మీకు చెప్పుకుంటే నా పరువేం పోదులెండి. ఇలాంటివి మీ ఇంట్లోనూ జరిగే ఉంటాయి, మీరు బయటపెట్టరు, అంతే. మొన్న భోగినాడు నేను కుక్కపిల్లకి భోగిపళ్ళు పోశాను.

మాది బూర్గంపాడు పక్కన, అడవి అంచు. కాపలాకని తెచ్చిన జీవి అరచేతిలో పట్టేంత ఉంది, పేరు మాత్రం టైగర్. పిల్లలు చదువులకని ఖమ్మం వెళ్ళిపోయాక భోగిపళ్ళు పోయించుకునే నెత్తి మా ఇంట్లో మిగల్లేదు. దీనికి పోసి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే జిల్లా మొత్తం మురిసిపోతుందనుకున్నాను. పీటేసి కూర్చోబెట్టి రేగుపళ్ళు, చెరకు ముక్కలు, చిల్లర కలిపి దోసిళ్ళతో కుమ్మరించాను. “నోట్లో పెట్టుకుంటుందేమో చూడండి” అంది మా ఆవిడ. “కుక్కల గురించి నాకు చెప్తావా?” అన్నాను. కుక్కల గురించి నాకు తెలిసిందల్లా అవి మొరుగుతాయని.

రేగుపండు ఒకటి గొంతుకడ్డం పడింది. మొదట దగ్గింది. దగ్గుతోందంటే గాలి ఆడుతున్నట్టే, వదిలేస్తే అదే కక్కేసేది. నేను వదుల్తానా! చెంబుతో నీళ్ళు పోశాను, ముక్కులోంచి వచ్చాయి. చేపముల్లుకి మా నాయనమ్మ చెప్పిన వైద్యం గుర్తొచ్చి అన్నంముద్ద తెమ్మని అరిచాను, దేవుడి దయవల్ల మా ఆవిడ తేలేదు. వేలు పెట్టి గెలికాను, కనబడుతున్న పండు కాస్తా లోపలికి జారింది. కూత ఆగింది, చిగుళ్ళు నేరేడుపండు రంగుకి తిరిగాయి, దాన్నెత్తుకుని వాకిట్లో పరుగెత్తాను, పంచె ఊడింది, ఒక చేత్తో పంచె, ఒక చేత్తో టైగర్, మూడో చెయ్యి లేక 108కి ఫోన్ కొట్టమని మా ఆవిడ మీద కేకలు! పశువులకి 1962 ఉందని ఊళ్ళో అందరికీ చెప్పేది నేనే.

ఆ గోలకి, మేకలు తోలుకెళ్తున్న ముసలాయన లోపలికొచ్చాడు. “ఇటియ్యి సారూ” అని లాక్కుని, వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసి, రెండు భుజాల నడుమ అరచేత్తో టపటపా చరిచాడు. పండు ఊడి మా పీట మీదే పడింది. పుట్టగానే ఊపిరి తీసుకోని మేకపిల్లల్ని ఆయన ఇలాగే పట్టుకుంటాడట. నా డిగ్రీ ఇంట్లో గోడకి వేలాడుతోంది.

తర్వాత కూర్చుని చదివాను. చదవడం నాకెప్పుడూ తర్వాతే. నోరు తెరిచి చూసి, కనబడితేనే వేళ్ళతో తీయాలి, లేకపోతే గెలక్కూడదు. నాలుక మొదట్లో ఉండే ఎముకనే అడ్డమనుకుని లాగేవాళ్ళుంటారట, నాలాంటివాళ్ళే అయ్యుంటారు. తలకిందులు చేసి చరిచినా రాకపోతే, పక్కటెముకలు అయిపోయిన చోట పొట్టని లోపలికీ, తలవైపుకీ చురుగ్గా నొక్కాలి. 1974లో హైమ్లిక్ అనే అమెరికా డాక్టరు మనుషులకని చెప్పిన ఉపాయమే ఇది. ఇంత పిల్లకి మాత్రం రెండు వేళ్ళ బలం చాలు. పండు బయటపడ్డాక కూడా డాక్టరుకి చూపించాలి. గొంతు వాచి ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయి ఉండొచ్చు. పోసిందెవరో మీకు తెలుసుగా.

ఆ సాయంత్రమే భద్రాచలం తీసుకెళ్ళాం. “ఎలా బయటికొచ్చింది?” అని అడిగాడు డాక్టరు.

“హైమ్లిక్ పద్ధతి” అన్నాను, ఎవరు చేశారో, అసలేం చేశారో చెప్పకుండా.

“భలే సమయానికి చేశారు సార్!”

పక్కనే ఉన్న మా ఆవిడకి సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది.