నాకు తెలిసిన మాట ఒక్కటే

నేను వేలెడంత ఉక్కు రేకును. రికర్వ్ విల్లు నడుమ ఒక మరతో బిగించి ఉంటాను. పేరు క్లిక్కర్. మా ఊరు తుళ్లూరు, ఈ విల్లు పట్టే మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఒకప్పుడు పత్తి, మిరప పండిన నేలలో ఇంకా ఇళ్లు లేవని ప్లాట్ల వరుస ఉంది. అక్కడ వాళ్ల తాతయ్య టేపు పట్టి 70 మీటర్లు కొలిచాడు. ఆ చివర గడ్డి దిమ్మ, దాని మీద 122 సెంటీమీటర్ల కాగితం. నడుమ పది పాయింట్ల వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లే.

నా పనల్లా బాణం మొనను ఆనుకుని ఉండటం. అమ్మాయి నారి లాగేకొద్దీ మొన వెనక్కి జరుగుతుంది. నన్ను దాటగానే వెళ్లి విల్లుకు కొట్టుకుంటాను. టిక్! అప్పుడే వదలాలి. ప్రతి బాణానికీ లాగుడు ఒకే కొలతలో ఉండాలి, లేకపోతే ఒకటి పైకి, ఒకటి కిందికి పోతుంది. నారి గడ్డం కింద ఆనే చోటు మిల్లీమీటరు పక్కకు జరిగితే లక్ష్యం దగ్గర పది సెంటీమీటర్ల తేడా. ఆ పది పాయింట్లు కాస్తా చేజారినట్టే.

తాతయ్య మొదట్లో చేతుల బలమే అనుకున్నాడు. "ఇంకో ముద్ద తినమ్మాయ్" అనేవాడు. నిజానికి నారి గడ్డానికి ఆనాక చేతులకు పెద్ద పని లేదు. మిగిలిన రెండు మూడు మిల్లీమీటర్లు లాగేది వీపు. రెక్క ఎముకలు వెన్ను వైపు దగ్గరవుతుంటే కుడి మోచెయ్యి నెమ్మదిగా వెనక్కి పోతుంది. ఎడమ చెయ్యి విల్లును పట్టుకోదు, నెడుతుందంతే. వేళ్లను బలవంతంగా విప్పితే నారి పక్కకు పోతుంది. పట్టు మానేస్తే చాలు, నారే జారిపోతుంది. పోతూ పోతూ బాణం పాములా వంగి విల్లును తప్పుకుంటుంది. కళ్లతో చూడలేరు గానీ నేను పక్కనే ఉంటాను కదా.

ఆమె విల్లు లాగుడు బరువు 40 పౌండ్లు, అంటే 18 కిలోలు. పోటీలో అర్హత రౌండుకు 72 బాణాలు. తాతయ్య లెక్కగట్టి, "దాదాపు పదమూడు క్వింటాళ్లే! ముప్పై మిర్చి టిక్కీలు ఎత్తినట్టు" అన్నాడు. అప్పటి నుంచి ముద్దల సంగతి ఎత్తలేదు.

ఆ తాతయ్యే ఒకరోజు స్కోరు రాస్తూ, ఆమె పూర్తిగా లాగి నిలబడ్డప్పుడు పెన్ను నొక్కాడు. టిక్. నా గొంతే అనుకుని వదిలేసింది. బాణం సర్కారు తుమ్మల్లోకి పోయింది. అదొక్కటే అయితే సరే. మరుసటి రోజు నుంచి ఆమె వేళ్లు నేను పలకకముందే జారిపోవడం మొదలెట్టాయి. చూపు లక్ష్యం మీద పడగానే ఒళ్లు తొందరపడుతుంది. విలుకాళ్లలో చాలామందికి పట్టే జబ్బే ఇది. దీనికో మందుంది: మూడు మీటర్ల దూరంలో, కాగితం లేని ఖాళీ దిమ్మ ముందు, కళ్లు మూసుకుని వెయ్యడం. ఆమె రెండు నెలలు వేసింది. చూసేవాళ్లకు విసుగు, నాకు మాత్రం పండగ.

విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమెది కాంపౌండ్ విల్లు, దానికి నాతో పనిలేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం కుళ్లుగానే ఉంటుంది. విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్‌ది మాత్రం మా రికర్వే. 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వచ్చాడు. ఆ రోజు ఇంట్లో టీవీ ముందు ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు మా అమ్మాయి నా మాట కోసం ఆగుతోంది. తాతయ్య పెన్సిల్‌కు మారాడు. మీరు ఆ వైపు వస్తే గీత వెనకే నిలబడండి, జేబులో పెన్నుంటే మాత్రం నొక్కకండి.