హోం మంత్రి గారూ, కంప్లైంట్ రాసిచ్చి వెళ్లండి

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో నిలబడి చుట్టూ చూడండి. దేశ భద్రత అనే సరుకు ఇంత దండిగా దొరికే పేట ఇంకోటి కనపడదు. ఇక్కడే కేశవగిరిలో సీఆర్‌పీఎఫ్ గ్రూప్ సెంటర్. కంచన్‌బాగ్ వైపు పోతే క్షిపణులు చేసే డీఆర్‌డీవో ల్యాబులు, వాటికి కావలసిన లోహాలు పోసే మిధానీ. ఇటు తిరిగితే బార్కాస్. నిజాం తన కాపలా కోసం పెట్టుకున్న యెమెన్ అరబ్బు సిపాయిల మునిమనవలు పొద్దున్నే లుంగీలు కట్టుకుని హోటల్ ముందు నిలబడి, ఇవాళ హరీస్ తీపిదా, ఖారాదా అని తేల్చుకుంటుంటారు. ఇంత బందోబస్తు ఉన్న పేటను చూసి అందరికంటే ఎక్కువ బెదిరిపోయేది ఎవరయ్యా అంటే, ఆ బందోబస్తు చూసుకోవాల్సిన హోం శాఖవాళ్లు!

2020 నవంబరు గుర్తుందా? జీహెచ్ఎంసీ ఎన్నికలు. మేయర్ పీఠం మాకు ఇస్తే పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేసి రోహింగ్యాలను, పాకిస్తానీలను తరిమేస్తామన్నారు అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్. దోమల మందు కొట్టించి, నాలాలో పూడిక తీయించే మేయర్ సర్జికల్ స్ట్రైక్ ఏ వింగుతో చేయిస్తారో, శానిటేషన్‌తోనా ఎంటమాలజీతోనా, ఆయన చెప్పలేదు. అప్పుడు దేశానికి హోం మంత్రి ఆయన పార్టీ మనిషే. సహాయ మంత్రి కిషన్ రెడ్డి గారిది పక్కనే సికింద్రాబాద్. బీఎస్ఎఫ్ వాళ్లది, ఐబీ వాళ్లది, వీసాలూ విదేశీయుల లెక్కలూ వాళ్లవే. అన్నీ ఉన్నాయి, మేయర్ ఒక్కరే తక్కువయ్యారు.

పోలింగుకు రెండు రోజుల ముందు ఆ హోం మంత్రి అమిత్ షా గారే దిగారు. భాగ్యలక్ష్మి గుడికి వెళ్లారు, రోడ్ షో చేశారు. రోహింగ్యాల సంగతి అడిగితే, వాళ్లను పంపించెయ్యమని ఒవైసీని రాసివ్వమనండి, అప్పుడు చూద్దామన్నారు. సరిహద్దు మీ చేతిలో, సరిహద్దు దాటినవాడిని పట్టే చట్టం మీ చేతిలో. అర్జీ మాత్రం హైదరాబాద్ ఎంపీ పెట్టుకోవాలి. వాచ్‌మన్ అపార్ట్‌మెంట్ మీటింగులో లేచి, లోపల దొంగలున్నారు, మీరంతా ఏం చేస్తున్నారని ఫ్లాట్ల వాళ్లను నిలదీసినట్టుంది. ఒవైసీ తక్కువ తిన్నారా? రోహింగ్యాలు ఓటరు జాబితాలో ఉంటే హోం మంత్రి నిద్రపోతున్నారా అని అప్పటికే అడిగి ఉన్నారు. ఓట్ల లెక్క దగ్గర ఇద్దరికీ గిట్టుబాటే. బీజేపీకి 48 డివిజన్లు, మజ్లిస్‌కు 44. ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డులు దాచుకుని బాలాపూర్ గుడిసెల్లో బతికేవాళ్లకు ఓటూ లేదు, వాటా అసలే లేదు.

కథ అక్కడ ఆగలేదు. 2024 జూన్‌లో బండి సంజయ్ గారే కేంద్ర హోం శాఖ సహాయ మంత్రి అయ్యారు. కేకలేసినాయన చేతికే లాఠీ వచ్చింది. ఇక మేయర్‌తో పనేముంది? కేశవగిరి గేటు దగ్గర సెల్యూట్ కొట్టే జవాన్లు కూడా సొంత శాఖవాళ్లే. స్ట్రైకు జాడ మాత్రం లేదు.

ఇది ఒక్క పార్టీ జబ్బనుకుంటే పొరపాటు. ఆ కుర్చీలో ఏదో మహిమ ఉంది. కూర్చున్నవాడు జవాబు చెప్పడం మరిచిపోతాడు, ఫిర్యాదు చేయడం నేర్చుకుంటాడు. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలితే, మాకు రెండు రోజులుగా సమాచారం ఉంది, రాష్ట్రాలకు చెప్పామన్నారు కేంద్ర హోం మంత్రి షిండే. చెప్పారు, పని అయిపోయింది. 2019లో దిశ ఘటన జరిగితే మన రాష్ట్ర హోం మంత్రి మహమూద్ అలీ గారు, చదువుకున్న అమ్మాయి చెల్లెలికి ఫోన్ చేసే బదులు 100కు చేసి ఉండాల్సిందన్నారు. తప్పు ఎవరిదో తేలిపోయింది! 2023 అక్టోబరులో బొకే అందించడం ఆలస్యమైందని ఇదే మంత్రి గారు తన గన్‌మన్ చెంప మీద కొట్టిన వీడియో ఊరంతా చూసింది. శాంతిభద్రతల విషయంలో ఆయన స్వయంగా చేయి చేసుకోవడం జనం చూసింది ఆ ఒక్కసారే.

ఆయనకు ముందు నాయిని నర్సింహారెడ్డి గారు. కార్మిక నాయకుడు, ఎమర్జెన్సీలో జైలుకెళ్లిన సోషలిస్టు. ఆయన హోం మంత్రిగా ఉండగానే 2017లో ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌కు తాళం పడింది. తీయించడానికి హైకోర్టు కావాల్సి వచ్చింది. తాళంచెవి ఎవరి జేబులో ఉండేదో పాపం ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు. నిజాం కాలంలో కొత్వాలు రాజా బహదూర్ వెంకట్రామిరెడ్డి ఉన్న రోజుల్లో, 1920 నుంచి 1934 దాకా, ఊళ్లో ఏం జరిగినా అడగాల్సింది ఎవరినో చిన్నపిల్లాడికీ తెలుసు. మొన్నమొన్నటిదాకా డీజీపీ ముఖ్యమంత్రి వైపు చూసేవాడు, హోం మంత్రి డీజీపీ వైపు చూసేవాడు. 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి గారు ఆ శాఖను తన దగ్గరే పెట్టుకుని ఈ చూపుల గోల తగ్గించారు. పక్క రాష్ట్రంలో అదీ లేదు. 2024 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సభలో మైకు పట్టుకుని, హోం మంత్రి అనిత బాధ్యత తీసుకోవాలి, ఆ శాఖ నేను తీసుకుంటే పరిస్థితి వేరుగా ఉంటుందన్నారు. ప్రభుత్వం మీద ప్రభుత్వమే కంప్లైంటు.

పెద్ద కుర్చీలో మన పెద్దమనిషీ కూర్చున్నారు. 1984 జూలైలో పీవీ నరసింహారావు కేంద్ర హోం మంత్రి. ఇందిర హత్య తరువాత ఢిల్లీలో, సర్కారు లెక్కల ప్రకారమే, 2,733 మంది సిక్కులను చంపారు. ఢిల్లీ పోలీసులు ఆయన శాఖ కిందే. వ్యవహారమంతా ప్రధాని కార్యాలయం చేతిలోకి పోయిందని ఆయన చరిత్ర రాసినవాళ్లు అంటారు. గుజ్రాల్ మాట విని సైన్యాన్ని పిలిచి ఉంటే ఊచకోత ఆగేదని 2019లో మన్మోహన్ సింగ్ అన్నారు, పీవీ కుటుంబం కాదంది. దీన్ని వెక్కిరించడానికి నాకు నోరు రాదు.

పాతబస్తీ లెక్క కూడా ఒకటి మిగిలే ఉంది. 2007 మే 18, మక్కా మసీదు. పేలుడులో 9 మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో 5 మంది పోయారు. బస్తీ కుర్రాళ్లను పట్టుకుపోయి తరువాత వదిలేశారు. కేసు హోం శాఖ కింద పనిచేసే ఎన్ఐఏ చేతికి పోయింది. 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులన్నది కోర్టు. మరి బాంబు పెట్టిందెవరు? దీని మీద ఏ హోం మంత్రీ ఎవరినీ రాసివ్వమనలేదు.

అందుకని నాదొక మనవి. చాంద్రాయణగుట్ట పోలీస్ స్టేషన్లో హోం మంత్రుల కోసం ప్రత్యేకంగా ఎఫ్ఐఆర్ ఫారాలు అచ్చేయించి పెట్టాలి. నేరం జరిగిన స్థలం: పాతబస్తీ, ముందే అచ్చయి ఉంటుంది. ఫిర్యాదుదారు వృత్తి: దేశ భద్రత. నిందితులు: అక్కడున్నవాళ్లు. ఇంతవరకు ఇబ్బంది లేదు, గబగబా నింపేస్తారు. ఫిర్యాదు ఆలస్యానికి కారణం అని ఒక గడి ఉంటుంది. అక్కడ కలం ఆగితే స్టేషన్ రైటరే సాయం చేస్తాడు: "ఎలక్షన్ నోటిఫికేషన్ ఇప్పుడే వచ్చిందని రాయండి సార్."